పూచికపుల్లంత వాటా

ముసలాయన చెక్క మూత పక్కకు జరిపి, మోకాలి మీద వంగి, డబ్బా నడిమధ్యన చూపుడువేలు ఆనించి చూశాడు. అంచుల వెంట ఐసు గట్టిగా పట్టింది. మధ్యలో మాత్రం వేలు తడిసింది. మూత మళ్లీ వేసి లేచాడు.

"ఈ వరస ఇంకా కాలేదు. కిటికీ పక్క వరస ఎత్తండి."

గొలుసు దగ్గర నిలబడ్డ ఇద్దరూ కప్పీని పట్టాల మీద అటు తోశారు. తెల్లవారి ఎంతోసేపు కాలేదు. ఎత్తైన కిటికీల్లోంచి వెలుతురు వాలుగా దిగి తడినేల మీద పాకుతోంది. షెడ్డులో సగానికి పైగా నేలలోకి దింపిన ఉప్పునీళ్ల తొట్టే. దాని మీద పరిచిన చెక్క మూతల మీదుగానే అందరూ అటూ ఇటూ నడుస్తారు. ఆ మూతల కింద, ఎంత చల్లబడినా గడ్డకట్టని ఉప్పునీళ్లలో, మంచినీళ్లు నింపిన డబ్బాలు వరసలుగా మునిగి ఉంటాయి. కంప్రెసరు ఆగకుండా ఆడితే ఆ మంచినీళ్లు దిమ్మలవుతాయి. కొత్తగా వచ్చినవాళ్లు అమ్మోనియా వాసనకు ముక్కు మూసుకుంటారు. ఆయనకు ఆ వాసన సంగతి గుర్తొచ్చేది ఇంట్లో ఉన్నప్పుడే, అక్కడ లేదు గనక.

వరస మొత్తం ఉప్పునీళ్లు ఓడుస్తూ పైకి లేచింది. పక్కనున్న మామూలు నీళ్ల తొట్టిలో ముంచి, డబ్బాలను వంచగానే దిమ్మలు ఒకదాని వెనక ఒకటి జారి, తడి రేకు మీదుగా బయటి అరుగు మీదికి సర్రున వెళ్లాయి. ఆయన ఒక దిమ్మను ఆపి వెలుగుకు తిప్పి చూశాడు. అద్దంలా ఉంది. నడుమ దారప్పోగంత తెల్లటి చార. ఫరవాలేదనుకున్నాడు.

అరుగు దగ్గర అప్పటికే వ్యానులు, తోపుడుబళ్లు, చేపల బుట్టలు.

"మంత్రిగారూ! ముందు నాది ఎక్కించండి, పడవలు వచ్చేశాయి."

"మంత్రిగారూ, నిన్నటి దిమ్మ ఒకటి మూల విరిగింది, ఇవాళ చూసి ఇవ్వండి."

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పిలుపు విని ఎగతాళి అనుకుంటారు. ఒకడిని పొట్టోడనీ, ఇంకొకడిని చెవిటోడనీ పిలిచినట్టే ఈ ముసలాయన్ని మంత్రి అంటున్నారు కాబోలనుకుంటారు. ఆయన నిజంగానే మంత్రి. చాలా ఏళ్ల కిందట, ఒక్కసారి, తూనికలు కొలతల శాఖకు. ఇప్పటికీ తొడుక్కునే నల్లకోటు ప్రమాణ స్వీకారానికి కుట్టించుకున్నదే. చల్లటి షెడ్డులో తిరగడానికి అంతకంటే మంచి బట్ట ఆయన దగ్గర లేదు. మోచేతుల దగ్గర చిరిగితే భార్య బూడిదరంగు గుడ్డతో మాసికలు వేసింది. మనిషి పొడుగు, కాని మూతల మీదికి వంగీ వంగీ మెడ ముందుకు సాగింది. వేళ్ల కొసలు ఎప్పుడూ తెల్లగా, నానిపోయినట్టుంటాయి.

అరుగు చివర దిమ్మల్ని చెక్క సుత్తితో కొట్టి ముక్కలు చేసే ఆమెను అందరూ ఐసమ్మ అంటారు. భారీ మనిషి, నోరు అంతకంటే భారీ.

"తూనికల మంత్రిగారి దగ్గర కొన్న ఐసు బజారుకి వెళ్లేసరికి సగమవుతుంది. ఇదేం న్యాయమండీ?" అంది, బుట్టలు పట్టుకు నిలబడ్డ చేపలమ్మేవాళ్లు వినేట్టుగా.

"మిగతా సగం బుట్టలోనే ఉంటుందిగా, నీళ్లయి. వంపి తూచుకోమను."

"చూశారా, ఎంత మంత్రి మాటో!"

నవ్వులు. ఆయనా నవ్వాడు. ఆ హాస్యం ఆయన పదవి పోయిన నాటిది. అయినా ఎవరో ఒకరు రోజూ అనాలి, ఆయన రోజూ జవాబు చెప్పాలి.

ఇవాళ మాత్రం నవ్వు అయిపోయాక ఐసమ్మ సుత్తి ఎత్తలేదు. "బాబుగారూ, సాయంత్రం ఫ్యాక్టరీ కొనే ఆసామి వస్తున్నాడంట కదా?"

"వస్తున్నాడు."

"మరి మీరేం చెబుతారు?"

"చూద్దాం," అని లోపలికి వెళ్లిపోయాడు.

కంప్రెసరు గదిలో మేస్త్రీ ఒక చెవి యంత్రానికీ, ఒక చెవి బయటి మాటలకీ ఇచ్చి కూర్చున్నాడు. ఈ యంత్రం ఎక్కడో మూతపడిన ఫ్యాక్టరీ నుంచి విప్పి తెచ్చింది. దాన్ని బిగించిన రోజు నుంచీ అతను ఇక్కడే ఉన్నాడు.

"చూద్దాం అంటే ఎట్లాగండీ?" అన్నాడు తల తిప్పకుండానే. "రేపటికి చూడ్డానికేం ఉండదు. గోడౌన్లు కట్టేవాడికి దీంతో పనేముంది? నట్టులతో సహా పాత ఇనప సామానుకి తోలేస్తాడు. దీంతోపాటు నన్నూ కాటాలో పెడితే సరి."

"మీరంతా కలిసి సంఘం పెట్టుకుని ఫ్యాక్టరీ తీసుకోమన్నాను కదయ్యా మొన్న."

"అన్నారు. మాకు మిషన్లు తెలుసు, బ్యాంకులు తెలియవు. మీరు ముందుంటే ఉంటామన్నాం. మీరేమో ఉండనన్నారు." నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పోనీలెండి. పెద్దవాళ్ల మాటలు మాకెందుకు."

ఉన్న సంగతంతా అదే. ఫ్యాక్టరీ ఆయన తమ్ముడిది. తమ్ముడికి ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఈ గాలిలో ఇక ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కూతురికి ఎక్కడో కొండల మీది ఊళ్లో ఉద్యోగమైంది. భార్యను ఆ పిల్లతో ముందే పంపేశాడు. తనూ ఈ సాయంత్రం బస్సుకు వెళ్లిపోతున్నాడు. పోయిన వారం రెండు కాగితాలు రాయించి తెచ్చి అన్నగారి ముందు పెట్టాడు. ఒకటి గోడౌన్ల ఆసామి పేరు మీద అమ్మకం. రెండోది అన్నగారి పేరు మీద, పైసా పుచ్చుకోకుండా. "ఏదో ఒకదాని మీద సంతకం చేసి బస్సెక్కుతాను. ఏదో నువ్వే చెప్పు అన్నయ్యా," అన్నాడు.

ఇచ్చేదాన్ని పుచ్చుకోవడానికి ఇంత ఆలోచన ఎందుకో మేస్త్రీకి అర్థం కాదు. అర్థం కావాలంటే ఆయన మంత్రి అయిన రోజుకు వెళ్లాలి.

కుర్రతనంలో తోపుడుబండి మీద ఐసు అమ్మాడు. పదేళ్లు పోగుచేసి, అప్పటికి మూలపడి ఉన్న యంత్రాలు తెచ్చి ఈ షెడ్డు వేశాడు. రేవు నుంచి బజారుకు సరైన రోడ్డు లేక చేపలు దారిలోనే పాడవుతుంటే, చేపలమ్మేవాళ్లను వెంటేసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. రోడ్డు పడింది. ఆ తిరుగుడు చూసినవాళ్లే ఎన్నికల్లో నిలబెట్టారు. గెలిచాడు. బొటాబొటి మెజారిటీ ఉన్న ప్రభుత్వం రేవు వైపు నుంచి ఒకరు ఉండాలని ఆయన్ని పిలిచి, అందరికీ పంచగా మిగిలిన శాఖ చేతిలో పెట్టింది.

ఆ శాఖవాళ్లు తనిఖీ చేయాల్సిన వ్యాపారాల్లో ఐసు ఫ్యాక్టరీలూ ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన రోజునే ఆయన తమ్ముడిని పిలిచాడు. తమ్ముడు బడిలో డ్రిల్లు మాస్టారు. "ఇది నువ్వు చూసుకుంటావు కదరా," అన్నాడు. "సరే అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. మాస్టారి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి వచ్చాడు. ఆయన ఫ్యాక్టరీని తమ్ముడి పేర రాసేసి, చేపల బజారు అరుగు మీద నిలబడి, మైకు పట్టుకుని చెప్పాడు: "ఇవాళ్టి నుంచి ఆ ఫ్యాక్టరీలో నాకు పూచికపుల్లంత వాటా లేదు. ఇక ఎప్పటికీ ఉండదు."

చప్పట్లు బాగానే కొట్టారు. ఒక్కరూ నమ్మలేదు. మిగతా మంత్రుల్లో ఒకాయనకు బస్సులున్నాయి, భార్య పేరు మీద. ఇంకొకాయనకు రాళ్ల క్వారీ ఉంది, అల్లుడి పేరు మీద. ఒకసారి మీటింగు అయ్యాక ముఖ్యమంత్రే భుజం మీద చెయ్యివేసి, "నువ్వు నిజంగానే ఇచ్చేశావంటగా? పిచ్చివాడా, పేరు మారిస్తే సరిపోయేది కదయ్యా!" అని జాలిపడ్డాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయనకు ఆ నవ్వు కిరీటం పెట్టినట్టుండింది.

పదవిలో ఉన్నన్నాళ్లూ షెడ్డు గడప తొక్కలేదు. ఆ రోజుల్లోనే తనిఖీ ఇన్‌స్పెక్టరు ఒకడు వణుక్కుంటూ వచ్చాడు. ఐసు ముక్కలు అమ్మే కాటా తప్పు చూపిస్తోందండీ, మీ తమ్ముడుగారిదండీ, ఏం చేయమంటారండీ అని. ఉప్పునీటి తడికి కాటా చిలుము పట్టి ఉంటుందని ఆయనకు వెంటనే తట్టింది. అయినా, "అందరికీ ఏం చేస్తారో అదే చేయండి," అన్నాడు. కేసు రాశారు. తమ్ముడు ఆ ఆఫీసు వరండాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి జరిమానా కట్టి వచ్చాడు. మర్నాడు పేపరులో పడింది. నాటకం బాగా కట్టారని ఊరంతా మెచ్చుకుంది.

తర్వాత ప్రభుత్వం పడిపోయింది. వచ్చిన ఎన్నికల్లో ఆయనా పడిపోయాడు. పెట్టె పట్టుకుని ఊళ్లో బస్సు దిగితే తమ్ముడు ఎదురొచ్చి, మాటా పలుకూ లేకుండా ఫ్యాక్టరీ తాళాలు చేతిలో పెట్టాడు. ఆయన తిరిగి ఇచ్చేశాడు. "మాటిచ్చాను కదరా." ఇంట్లో ఊరికే కూర్చోలేక నెల తిరక్కుండానే వెళ్లి, జీతానికి పెట్టుకోమని అడిగాడు. తమ్ముడు సరే అన్నాడు. ఆ తమ్ముడికి సరే అనడం తప్ప ఇంకో మాట రాదని అప్పట్లో ఇంట్లో అందరూ మురిపెంగా చెప్పుకునేవాళ్లు.

ఎండ ముదిరేసరికి అరుగు ఖాళీ అయింది. ఇల్లు రెండు వీధుల అవతలే. మధ్యాహ్నం భోజనానికి వెళితే భార్య వంటగది కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఆయన పాత చొక్కాకు గుండీలు కుడుతోంది. వడ్డించింది. ఆయన కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"కలుపుకోవడం కూడా నేనే చేయాలా?" అంది.

"నువ్వేమంటావు? సాయంత్రం సంగతి."

ఆమె సూది ఆపింది. "అమ్మయ్య. అడిగారు."

"అదేమిటి?"

"అప్పుడు రాసిచ్చేటప్పుడు అడగలేదుగా. అందుకని."

ఆమె దారం పళ్లతో తెంపి, గుండీ లాగి చూసింది. "మాటిచ్చింది మీరొక్కరే. మోసింది ఇంటిల్లిపాదీ. మేం సరే, మీవాళ్లం. మరిదిగారికి పిల్లల్ని పరిగెత్తించడమంటే ప్రాణం. పొద్దున్నే ఈల మెళ్లో వేసుకుని వెళ్లేవారు. ఆ మనిషిని తీసుకెళ్లి ఐసు పెట్టెలో పెట్టారు."

"వాడు వద్దని చెప్పొచ్చుగా."

"మీకా?" అంది. అంతే అంది.

ఆయన కంచం కాస్త పక్కకు జరిపాడు. "ఇప్పుడు నేను తీసుకుంటే ఊరంతా ఏమంటుందో తెలుసు కదా. మొదటి నుంచీ వీడిదే అంటారు. ఇన్నేళ్లూ నేను నిలబడినదంతా ఒక్క సంతకంతో అబద్ధమైపోతుంది."

"అవుతుంది," అంది ఆమె. "పులుసు చల్లారిపోతోంది, తినండి."

ఆమె ఓదార్చడానికి రెండు మాటలు చెబుతుందని ఆశపడ్డాడు. చెప్పలేదు. తినేసి, చెయ్యి కడుక్కుని, కోటు భుజాన వేసుకుని బయల్దేరాడు.

షెడ్డులో తమ్ముడు వచ్చి ఉన్నాడు. తొట్టి పక్కన నిలబడి, గొలుసు లాగేవాళ్లకు లెక్క పెడుతున్నాడు. "ఒకటీ... రెండూ... ఎత్తు!" ఈ ఫ్యాక్టరీలో డబ్బాల వరస పైకి లేచేది ఆ లెక్క మీదే. డ్రిల్లు మాస్టారు వచ్చిన కొత్తలో అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. చూస్తే మనుషులు అడ్డదిడ్డంగా లాగకుండా ఒక్కసారి లాగుతున్నారు, నడుములు పట్టేయడం తగ్గింది. అందుకే పనివాళ్లు తమ్ముడిని ఓనరుగారని ఏనాడూ అనలేదు, మాస్టారనే అంటారు. ఇప్పుడు రెండు దగ్గర గొంతు చీలింది. మూడోసారి దగ్గు వచ్చి లెక్క తప్పింది. గొలుసు పట్టుకున్నవాళ్లు అలాగే ఆగి, నేల చూపులు చూస్తూ నిలబడ్డారు.

"బయటికి రా," అన్నాడు ఆయన. ఇద్దరూ వెనక తలుపు తీసుకుని మెట్ల మీద కూర్చున్నారు. అక్కడ గాలి వేడిగా, పొడిగా ఉంది. ఎదురుగా ఖాళీ స్థలం, పాత డబ్బాల గుట్ట, ఆ పైన తుప్పురంగు పిచ్చిగడ్డి. తమ్ముడు మోకాళ్ల మీద చేతులుంచి ఊపిరి తీసుకుంటున్నాడు. లోపల ఏదో చిన్న కవాటం సరిగా మూసుకోనట్టు చప్పుడు.

"ఏం తేల్చావు అన్నయ్యా?"

"ఒరేయ్, నువ్వే ఆలోచించు. పేపర్లో నా మాట ఉంది. మైకులో చెప్పాను."

"చెప్పావు. ఆ ముందు వరసలో కూర్చుని విన్నాను."

"పుచ్చుకుంటే ఏమంటారు?"

"దొంగ అంటారు. ఇప్పుడు మాత్రం ఏమంటున్నారు?"

"ఇప్పుడు అనుమానపడుతున్నారు. అప్పుడు రుజువైందంటారు. నేను తట్టుకోలేనురా. నా దగ్గర ఇంకేముంది చెప్పు? రోడ్డు నేను వేయించానని ఎవడికీ గుర్తులేదు. ఉన్నదల్లా ఆ ఒక్క మాటే."

తమ్ముడు గడ్డిపరక తెంపి వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"నిన్ను ఊళ్లో ఏమని పిలుస్తారు అన్నయ్యా?"

"తెలిసిందేగా."

"మంత్రిగారు అంటారు. ఎగతాళికైనా గారు ఉంటుంది. నన్నేమంటారు?"

"మాస్టారు అంటారు."

"షెడ్డులో. బయట?" ఆయన మొహంలోకి చూశాడు. "బినామీ మాస్టారు. చిన్న పిల్లలకి కూడా తెలుసు. మా అమ్మాయి హైస్కూల్లో చేరిన కొత్తలో ఏడుస్తూ వచ్చింది, ‘బినామీ అంటే ఏంటి నాన్నా’ అని. అర్థం తెలుసుకుని ఏడవలేదు, తెలియక ఏడ్చింది. నేనేం చెప్పను? పక్కవాళ్ల చెప్పులకి కాపలా ఉండేవాడమ్మా అన్నాను. నవ్వింది."

"నాకెవరూ చెప్పలేదు."

"నీకెవరు చెబుతారు? నువ్వు అడిగావా? ఇన్నేళ్లూ ‘నన్నేమంటున్నారో’ అన్నదే నీ గోల." గొంతులో కోపం లేదు. అలసిపోయి బరువు దించుకుంటున్న మనిషిలా మాట్లాడుతున్నాడు. "నేను నీ మీద నేరం మోపడం లేదన్నయ్యా. నువ్వు చేసింది మంచిపనే. కాకపోతే మంచిపేరు నీకు రాలేదు, చెడ్డపేరు నాకు వచ్చింది. మనిద్దరికీ కలిపి చూసుకుంటే బేరం ఏం బాలేదు." తన మాటకు తనే నవ్వబోయి దగ్గాడు.

"మరి నేను తీసుకుంటే నువ్వు బినామీవేనని తేలిపోదూ?"

"తేలనీ. ఇన్నాళ్లూ అననే అన్నారు. అన్నవాళ్ల మాటైనా నిలబడనీ. నాకిప్పుడు కావాల్సింది గాలి." లేచి, ప్యాంటుకు అంటిన గడ్డి దులుపుకున్నాడు. "అమ్మేస్తే నాకు బాధలేదని కాదు. ఐసమ్మ ఎక్కడికి పోతుంది? ఆ మేస్త్రీని ఈ వయసులో ఎవడు పెట్టుకుంటాడు? నాకు వాళ్ల మొహాలు చూడాలంటే సిగ్గుగా ఉంది. కాని నిన్ను బలవంతపెట్టను. పెట్టలేను కూడా, అది మనింట్లో అలవాటు లేదు కదా."

అతను లోపలికి వెళ్లాడు. ఆయన మెట్ల మీదే ఉండిపోయాడు. తన మాట, తన నిందలు, తన మౌనం అన్నీ ఇన్నేళ్లూ తనవే అనుకున్నాడు. రాత్రుళ్లు నిద్ర పట్టనప్పుడు వాటినే పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. వీధిలో తన వెనక ఎవరైనా గుసగుసలాడితే మెడ నిటారుగా పెట్టుకుని నడవడం ఒక వ్రతంలా చేశాడు. అదే వీధిలో తమ్ముడు ఎలా నడిచాడో ఒక్కసారీ తల తిప్పి చూడలేదు. కాటా కేసు రోజున వరండాలో నిలబడి వచ్చినవాడిని, కనీసం కాళ్లు నొప్పులా అని అడిగాడా? గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. అడిగినట్టు గుర్తు రాలేదు. ఆ రోజు పేపరువాళ్లకు ఏం చెప్పాడో మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది.

వెనక గోడ అవతల కంప్రెసరు ఒకే స్థాయిలో ఆడుతోంది. ఆయన కోటు తొడుక్కుని లేచాడు.

ఆసామి పొద్దు వాలుతుండగా వచ్చాడు. గుండ్రటి మనిషి, చేతిలో కొలతల టేపు, వెంట ఒక గుమస్తా. దిగీ దిగగానే అరుగు పొడవు కొలిపించాడు. ఆఫీసు గదిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీలు వచ్చాయి. బల్ల మీద రెండు కాగితాలు, వాటి మీద బరువుకు ఒక నట్టు. తలుపు బయట మేస్త్రీ ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డాడు. అతని వెనక ఐసమ్మ వెతుకుతున్నట్టు కూడా నటించలేదు, చేతులు కట్టుకుని నిలబడింది.

"మరి మాస్టారూ, శుభమా అంటూ కానిద్దామా?" అన్నాడు ఆసామి. "బస్సు టైమవుతోందన్నారు."

తమ్ముడు జేబులోంచి కలం తీశాడు. అన్నగారి వైపు చూడలేదు. కలం మూత తీసి చూస్తూ కూర్చున్నాడు, అంతే.

"గోడౌన్లకి వేరే స్థలం చూసుకోండి," అన్నాడు ఆయన.

ఆసామి టీ గ్లాసు కింద పెట్టాడు. ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, మెల్లగా మొహమంతా నవ్వు పరుచుకుంటుంటే, తొడ మీద చరుచుకున్నాడు. "అనుకున్నానండీ! ఊళ్లోవాళ్లు నాకు ముందే చెప్పారండీ మంత్రిగారూ, అసలు ఓనరు ఆయనే, ఈయనతో బేరమాడి లాభం లేదని. నేనే వినలేదు. తప్పు నాదే. మొదటి నుంచీ మీదే కదండీ ఇది?"

మేస్త్రీ తల వంచుకున్నాడు. ఇలాంటి మాటకు మంత్రిగారు ఏం జవాబు చెబుతారో అందరికీ తెలుసు. పూచికపుల్ల సంగతి కంఠతా వచ్చు. తమ్ముడు కూడా, అలవాటుగా, దాని కోసం కాచుకున్నాడు.

"అవునండీ," అన్నాడు ఆయన. "మొదటి నుంచీ నాదే. మా తమ్ముడు నా కోసం కాపలా ఉన్నాడు, పాపం. ఇక వాడిని పంపించేస్తున్నాను."

చెప్పేశాక కప్పు కూలలేదు. కంప్రెసరు ఆగలేదు. ఆసామి గుమస్తా వైపు తిరిగి కన్నుకొట్టాడు, రాత్రికల్లా ఈ ముక్క రేవంతా తిరిగి వస్తుందని ఆ కన్ను చెప్పింది. టేపు చుట్టుకుని, మర్యాదగానే నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

తమ్ముడు అలాగే కూర్చుని ఉన్నాడు. కలం చేతిలోనే ఉంది.

"అంత మాట ఎందుకన్నావు అన్నయ్యా? తీసుకుంటున్నానంటే సరిపోయేది."

"చాలదురా. సగం చెబితే మిగతా సగం నీ మీద పడుతుంది." కాగితం మీది నట్టు తీసి పక్కన పెట్టాడు. "పెట్టు సంతకం. నీ బస్సు పోతుంది."

ముందు తమ్ముడు చేశాడు, తర్వాత ఆయన. సాక్షిగా మేస్త్రీ నూనె వేళ్లు చొక్కాకు తుడుచుకుని, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా తన పేరు రాశాడు. "నా సంతకం మీద ఫ్యాక్టరీ నిలబడ్డం ఇదే మొదటిసారి," అన్నాడు. ఐసమ్మ కళ్లు కొంగుతో ఒత్తుకుని, "ఇంకేం, ఇక జీతాలు పెంచమని అడగడానికి సరైన మనిషి దొరికాడు," అంది.

తమ్ముడు షెడ్డులోకి వెళ్లి అటు చివరి దాకా నడిచి వచ్చాడు. కంప్రెసరు గది ముందు ఒక్క నిమిషం ఆగాడు, అంతే. వచ్చి సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆయన గేటు దాకా వెంట నడిచాడు. అంతలో రోడ్డు మలుపులో బస్సు హారను మోగింది.

"కాళ్లు నొప్పులు పుట్టాయా ఆ రోజు?" అన్నాడు గబగబా. "ఆ కాటా కేసు రోజున. వరండాలో."

తమ్ముడు అయోమయంగా చూశాడు. తర్వాత అర్థమైంది.

"పుట్టాయి," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, అన్నగారి మోచేతి మీది మాసిక దగ్గర చెయ్యి వేసి నొక్కాడు. "వెళ్లొస్తాను అన్నయ్యా. నువ్వూ ఎక్కువ సేపు లోపల ఉండకు."

గేటు దాటి, చెయ్యి ఊపి బస్సు ఆపి, పరిగెత్తి ఎక్కేశాడు. ఆ పరుగు మాత్రం పాత డ్రిల్లు మాస్టారిదే. కిటికీలోంచి తల బయటికి వచ్చింది, ఏదో అరిచాడు, ఇంజను మోతలో వినపడలేదు. దుమ్ము అణిగేదాకా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. వెనక ఎవరో ఫక్కున నవ్వారు.

"అయ్యో, అయ్యో!" ఐసమ్మ పొట్ట పట్టుకుంది. "మాస్టారు బూట్లతోనే బస్సెక్కేశారు! ఆ కొండల ఊరంతా ఇక టప్ టప్‌మని తిరుగుతారు!"

తడి మూతల మీద మామూలు చెప్పులు జారతాయి గనక, లోపలికి వెళ్లేవాళ్లంతా ఆఫీసు గది గుమ్మం దగ్గర విడిచి, మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుంటారు. సాయంత్రం ఎవరి చెప్పులు వాళ్లు వేసుకుని పోతారు. మేస్త్రీ తనవి వేసుకున్నాడు. గొలుసు లాగేవాళ్లు వేసుకున్నారు. ఐసమ్మ ఇంకా నవ్వుతూనే ఒక పట్టీ బిగించుకుని వెళ్లింది.

వాళ్లు వెళ్లిపోయాక ఆయన గుమ్మం దగ్గరికి వచ్చి, బూట్లు విప్పి, తన చెప్పులు వేసుకుని ఆగాడు. గుమ్మం ముందు ఒక్క జతే మిగిలింది, తమ్ముడిది. ముదురు గోధుమరంగు తోలు చెప్పులు, బొటనవేలి చోట నల్లగా గుంటపడి, ఒకదాని పట్టీకి రెండుసార్లు కుట్టు పడి, మడమలు దగ్గరగా చేర్చి, ముందు కొసలు కొంచెం ఎడంగా, గోడ వారగా తిన్నగా నిలబడి ఉన్నాయి.